చెక్-రైజ్ గారికి ఒక బహిరంగ లేఖ

పోకర్‌లో ముందు ఊరికే బల్ల తట్టి, ఎదుటివాడు పందెం వేశాక దాన్ని పెంచే ఎత్తుగడయైన మహారాజశ్రీ చెక్-రైజ్ గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాణ్నే. కానీ నిన్న రాత్రి డాలస్‌లో, మా తోడల్లుడి గరాజ్‌లో జరిగినదాని తర్వాత కుశలమంతా మీ వైపే ఉంది. నా వైపు 193 డాలర్లు తక్కువున్నాయి.

ఆట మీకు తెలిసిందే. అయినా చెబుతాను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టే పందేలు, ఒకటి, రెండు డాలర్లు. నా చేతిలో ఆసు, రాణి. ఎనిమిదికి పెంచాను. బిగ్ బ్లైండ్‌లో ఉన్న అన్నయ్యగారు ఒక్కరే మిగిలారు. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ కలిపి తెరిచిన మొదటి మూడు ముక్కల్లో, ఆసు, ఏడు, రెండు. ఆయన ఒక చేత్తో మిర్చి బజ్జీ పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో బల్ల మీద మెల్లగా తట్టారు. టక్ టక్. చెక్, అంటే డబ్బు వేయకుండా వంతు దాటించడం. 'నా దగ్గరేం లేదు నాయనా, నువ్వు కానియ్' అనే కదా ఎవరికైనా అర్థమయ్యేది? పది పెట్టాను, కాల్ చేశారు, అంటే ఆయనా పది వేశారు. నాలుగో ముక్క తొమ్మిది. టక్ టక్. పాతిక పెట్టాను, నిట్టూర్చి మరీ కాల్ చేశారు. చివరి ముక్క నాలుగు. టక్ టక్. పాపం అనుకుంటూనే యాభై పెట్టాను.

ఆయన బజ్జీ పళ్ళెంలో పెట్టి, వేళ్ళు టిష్యూతో తుడుచుకుని, "నూట యాభై" అన్నారు.

అక్కడే ముక్కలు పడేయాల్సింది. ఇంజనీరింగ్ చదువు ఊరుకోదుగా! మధ్యలో 287 ఉంది, నేను వేయాల్సింది 100, నాలుగింట ఒకసారికి కాస్త ఎక్కువ గెలిచినా గిట్టుబాటే. లెక్క కరెక్టే. మూడుసార్లు బల్ల తట్టి మూడుసార్లు నాచేత డబ్బు పెట్టించుకున్న మనిషి ఉత్త చేతులతో నూట యాభై అంటాడా అన్నదే లెక్కలోకి రాలేదు. రెండు ఏడులు తిప్పారు. కిందున్నదానితో మూడు. ఫ్లాప్ నుంచీ అంతే.

అయ్యా, చదరంగంలో చెక్ అంటే 'రాజుగారూ, జాగ్రత్త' అని ముందే చెప్పడం. మీ దగ్గరికొచ్చేసరికి అదే మాటకి 'పడుకోండి రాజుగారూ, ఎవరూ లేరు' అనే అర్థం ఎలా వచ్చింది?

సంక్రాంతికి మామగారింట్లో మూడు ముక్కలాట ఆడినవాళ్ళం. అక్కడ మోసం లేదనను. ముక్కలు ఎత్తకుండా బ్లైండ్ మీద బ్లైండ్ వేసి అవతలివాడికి చెమటలు పట్టించే బావలు మాకూ ఉన్నారు. కానీ వంతు వస్తే డబ్బు వేయాలి, లేదా ప్యాక్ అనాలి. బ్లైండ్‌కి సగం రేటు, అంతే తప్ప ఊరికే బల్ల తట్టి కూర్చోవడం కుదరదు. అబద్ధానికీ ఒక ధర ఉండేది. మీరు దాన్ని ఉచితం చేశారు.

పోయిన నెల నేను "మీ పదికి కాల్..." అని ఊపిరి తీసుకుని "...ఇంకో ఇరవై" అన్నాను. స్ట్రింగ్ బెట్, చెల్లదన్నారు. కాల్ అన్నావు, కాలే. ఇంకోసారి మాట్లాడకుండా పెద్ద చిప్ ఒకటి వేస్తే అదీ కాలేనట. నా ఊపిరికి, నా మౌనానికి ఇన్ని సెక్షన్లా! ఆయన వేళ్ళు మూడుసార్లు అబద్ధమాడితే మాత్రం 'వెల్ ప్లేయ్డ్'!

మీ చుట్టం స్లో-ప్లే గారి గురించి రాయను, ఆయన పద్ధతి పేరులోనే చెప్పుకున్నాడు. కాలిఫోర్నియాలో పాత లోబాల్ (చిన్న ముక్కలవాడు గెలిచే పోకర్) బల్లల దగ్గర చెక్ చేసినవాడు మళ్ళీ రైజ్ చేయకూడదనేవారట. పుణ్యాత్ములు. మిమ్మల్ని లోపలికి రానిచ్చిన మహానుభావుడెవరో గానీ, వాడి చేతిలో జన్మంతా ఆసు-రాణే పడాలి, ఎదుటివాడి చేతిలో ఏడుల జత ఉండాలి. సిగ్గుండాలయ్యా!

దాచడమెందుకు, రాత్రి రెండింటికి నేనూ మిమ్మల్నే నమ్ముకున్నాను. స్మాల్ బ్లైండ్‌లో రెండు రాణులు. అందరూ ప్యాక్. పెంచకుండా ఇంకో డాలర్ మాత్రం కలిపాను, అన్నయ్యగారు తట్టారు. ఫ్లాప్‌లో మూడో రాణి. గుండె గొంతులోకి వచ్చింది. పక్కనున్న బజ్జీ ఒకటి చేతిలోకి తీసుకుని, తట్టాను. ఆయనా తట్టారు. నాలుగో ముక్కకి తట్టాను. ఆయనా తట్టారు. చివరి ముక్కకి ఇంక ఆగలేరులే అని నిట్టూర్చి మరీ తట్టాను.

"ఏం లేదు తమ్ముడూ నా దగ్గర" అంటూ ఆయన తట్టేశారు.

మూడు రాణులతో నాలుగు డాలర్లు గెలిచాను. అందులో రెండు నావే.

ఇట్లు,
మీ వల్ల బజ్జీ చల్లారబెట్టుకున్నవాడు