మహారాజశ్రీ రెండు ముప్పావు గారికి

ఐదుకి 2.75 అనే పేరుతో లోకప్రసిద్ధులైన సినిమా రేటింగు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమానికి ఢోకా లేదని ప్రతి శుక్రవారం పొద్దున్నే ఫోన్ తెరవగానే తెలిసిపోతూనే ఉంది. నిజానికి మీ రాక మాకంటే ముందు అమెరికాలో ఖాయమవుతుంది. ఇక్కడ మేం పాల ప్యాకెట్ కోసం ఇంకా తలుపైనా తీసి ఉండం, అక్కడ డల్లాస్‌లో ఎవరో ప్రీమియర్ షోలో పాప్‌కార్న్ నములుతూ "ఫస్టాఫ్ ఓకే, అంతా సెకండాఫ్ మీదే ఉంది" అని పెట్టేస్తారు. మేం పళ్లు తోముకునేలోపు మీరు వచ్చి కూర్చుంటారు.

అసలు సంగతికి వస్తాను. సినిమా ఎలా ఉందని అడిగితే ఇప్పుడెవరూ సినిమా గురించి చెప్పడం లేదు. మీ గురించి చెబుతున్నారు. మొన్న మా బావ కొత్త సినిమా చూసొచ్చాడు. ఎలా ఉందన్నాను. "టూ సెవెన్టీఫైవ్ ఇచ్చార్రా" అన్నాడు. "వాళ్ల సంగతి కాదు బావా, నువ్వు చూశావు కదా, నీకెలా ఉంది?" అంటే, "అదే కదరా చెప్తున్నా, టూ సెవెన్టీఫైవ్" అన్నాడు. ఆ మనిషి దాదాపు మూడు గంటలు హాల్లో కూర్చున్నాడు, ఇంటర్వెల్లో రెండు సమోసాలు తిన్నాడు, క్లైమాక్స్‌లో కళ్లు తుడుచుకున్నాడని మా అక్క సాక్ష్యం. తనకేమనిపించిందో మాత్రం ఇంటికొచ్చి ఫోన్‌లో చూసుకుని చెప్పాడు.

మీ వంశం గురించి కొంత విచారించాను. మీ అన్నగారు మూడు. ఆయన దర్జానే వేరు. పొద్దున వస్తే మధ్యాహ్నానికల్లా పోస్టర్ ఎక్కుతారు, సాయంత్రం సక్సెస్ మీట్‌లో ఆయన పేరు మీద కేక్ కోస్తారు. మీ తమ్ముడు రెండున్నర. ఆయన గడప తొక్కితే నిర్మాత ఫోన్ స్విచాఫ్. నడుమ మీరు. మీరొస్తే కేక్ కోయడానికీ లేదు, భోరుమని ఏడవడానికీ లేదు. సినిమా తీసినవాళ్లకి మరీ కోపం రాకుండా, టికెట్ కొన్నవాళ్లు మరీ తిట్టకుండా, రాసినవాడికి వచ్చే వారం ప్రెస్ షో పాస్ పోకుండా ముగ్గురినీ ఒకేసారి కాపాడే అంకె మీరొక్కరే.

అన్నగారికీ మీకూ తేడా పావు. ఆ పావులో ఏముందో కనుక్కోవాలని చాలా తంటాలు పడ్డాను. ఐటెం సాంగా? హీరోయిన్‌కి ఇంకో రెండు డైలాగులా? రౌడీలు గాల్లోకి లేచే ఎత్తా? ఎవరూ తేల్చలేదు. ప్రభుత్వం 2011 జూన్ 30తో పావలా బిళ్లకి మంగళం పాడేసింది. కండక్టరు పుచ్చుకోడు, కిరాణా కొట్టువాడు పుచ్చుకోడు, హుండీలో వేస్తే దేవుడికీ పనికిరాదు. అలాంటి పావలా ఇంకా చెల్లుబాటులో ఉన్నది మీ దగ్గరే.

మీకు జరుగుతున్న అన్యాయం కూడా చెప్పాలి, న్యాయం న్యాయమే. ఐదుకి రెండు ముప్పావంటే నూటికి యాభై ఐదు. మేం డిగ్రీ చదివే రోజుల్లో యాభై ఐదొస్తే నిఖార్సయిన సెకండ్ క్లాస్. తలెత్తుకు తిరిగాం. కొందరికి ఆ మార్కుల మీదే పెళ్లిళ్లు కూడా అయ్యాయి. అదే యాభై ఐదు సినిమాకొస్తే మాత్రం "పోయిందటగా" అంటున్నారు. దీని మీద మీరే ఎక్కడైనా కేసు వేయాలి.

ఇక మీ పరివారం. ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, తీర్పు. సినిమా ఏదైనా వరస ఇదే, వాక్యాలూ ఇవే. మిగతా నటీనటులు తమ పరిధి మేరకు నటించారు. నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి. ఎడిటర్ తన కత్తెరకి ఇంకాస్త పని చెప్పి ఉండాల్సింది. కొత్తదనం కోరుకునేవారికి నిరాశ తప్పదు, ఫ్యామిలీ ఆడియన్స్ ఒకసారి చూడొచ్చు. ఈ ఫ్యామిలీ ఆడియన్స్ ఎక్కడ కాపురముంటారో గానీ నాకింతవరకూ తారసపడలేదు. మాదీ ఫ్యామిలీనే. మా అమ్మకి కత్తియుద్ధాలుండాలి, మా అబ్బాయికి దెయ్యాలుండాలి, నాకు ఏసీ పనిచెయ్యాలి.

2023లో బలగం సినిమా వచ్చింది గుర్తుందా? ఇంటి పెద్దాయన పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, కథంతా దాని చుట్టూనే. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరు ఊరంతా నేల మీద కూర్చుని చూశారు. మీ వరసలో పెట్టి రాస్తే "కాకి తన పరిధి మేరకు నటించింది" అనాలి. అందరూ ఆ సినిమా చివర్లో వచ్చే పాట గురించి, ఆ ఏడుపు గురించి చెబుతారు. నాకు మాత్రం నల్లి బొక్క, అంటే మూలుగుండే ఎముక, దాని గొడవ నచ్చింది. ఎప్పుడో భోజనాల దగ్గర అల్లుడికి నల్లి బొక్క పడలేదని మొదలైన అలక ఏళ్ల తరబడి రాకపోకలు తెంచేస్తుంది. మా చుట్టాల్లో ఇలాంటిది ఒకటుంది, అక్కడ బొక్క బదులు పెళ్లిపత్రిక మీద పేరు. దీన్ని మీ ప్లస్ పాయింట్లలో రాయాలా, మైనస్ పాయింట్లలో రాయాలా, మీరే సెలవివ్వండి.

పాత లెక్క ఇంకొకటుంది. 2010లో ఖలేజా వచ్చింది, ఆరెంజ్ వచ్చింది. రెండూ ఆడలేదు. ఆ తర్వాత ఆ సినిమాల్ని టీవీలోనూ ఫోన్లలోనూ చూస్తూ ఒక తరం పెరిగింది. 2023లో ఆరెంజ్‌ని, 2025లో ఖలేజాని మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు సీట్లెక్కి, తెర మీద హీరో నోరు తెరవకముందే డైలాగ్ చెప్పేశారు. నా మటుకు నాకు ఆరెంజ్ అప్పుడూ అంతగా పట్టలేదు, ఇప్పుడూ పట్టలేదు. పాటలు వస్తుంటే కళ్లు మూసుకుని వింటాను, మాటలు మొదలవగానే కళ్లు తెరిచి టైం చూసుకుంటాను. ఖలేజా సంగతి వేరు. టాక్సీ డ్రైవరుని పట్టుకుని నువ్వే దేవుడివంటే వాడు పడే కంగారు ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది, విలన్ వచ్చినప్పుడల్లా ఆ నవ్వు చల్లారుతుంది. ఇది నా ఒక్కడి గోల, మీరు పట్టించుకోనక్కర్లేదు. చెప్పొచ్చేదేమిటంటే, రీ-రిలీజ్ రోజు హాల్లో మీరు లేరు. పాత సినిమాకి కొత్తగా రేటింగ్ వేసే పని ఎవరూ పెట్టుకోరు కదా! అడ్డంగా మీరు కూర్చోలేదు కాబట్టి జనం తెర వైపు చూశారు.

మీరు పెద్దగా అడుగుపెట్టని చోటు ఒకటుంది. తెలుగు నవల. గౌరవంతో రావట్లేదని నేననుకోవడం లేదు లెండి. అక్కడ ఓపెనింగ్స్ ఉండవు, తెల్లవారుజామున బెనిఫిట్ షోలుండవు, పక్కన యాడ్ పెట్టేవాడూ ఉండడు. ఈమధ్య నేను ఎక్కువగా అక్కడే ఉంటున్నాను.

డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు చదివాను. 1957–58లో గోరాశాస్త్రి గారు నడిపిన తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. విశాఖపట్నం కథ. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. బరువు మొయ్యాల్సిన తండ్రి తానే బరువై కూర్చుంటే, ఆ బరువూ మోస్తూ, మేడ మీద గదిలో అద్దెకున్న మెడిసిన్ కుర్రాడు ప్రకాశాన్ని తనవాణ్ణి చేసుకోవాలని చూస్తుంది. స్వార్థం ఉంది, దాచుకోదు. ఏం కావాలో తెలుసు, అడగడానికి సిగ్గుపడదు. ప్రకాశానికి ఏం కావాలో ప్రకాశానికే తెలియదు. ఎవరు గట్టిగా పిలిస్తే వాళ్ల వెంట నడిచే రకం. ఇంత పిరికివాణ్ణి ఇంత ఓపిగ్గా, ఎక్కడా తిట్టకుండా రాయడం చూస్తే ఆవిడ నిజంగా డాక్టరే అనిపించింది. రోగిని కోప్పడకుండా రోగం ఏమిటో చెప్పేశారు.

ఆ పుస్తకం మా ఇంట్లో చేతులు మారింది. గొడవ మొదలైంది. "ఇందిరకి అంత తెలివుంటే ఆ ప్రకాశం వెంట ఎందుకు పడిందండీ?" అని మా ఆవిడ. "మేడ మీద వాడే ఉన్నాడు కాబట్టి" అన్నాను. ఆ మాటకి రెండు పూటలు నాకు ఉప్పు తక్కువైన పప్పు వచ్చింది. మా అత్తయ్యగారు కల్యాణి పక్షం. తండ్రిని పోగొట్టుకుని ఒంటరిదైన పిల్లని ఇన్ని మాటలంటారా అని ఆవిడ బాధ. నాకు కృష్ణమూర్తి నచ్చాడు. మొదట్లో డబ్బున్న షోకిలా అనుకుని పక్కన పెట్టేశాను గానీ, పేజీలు తిరిగేకొద్దీ ఆ కథలో మగవాళ్లందరిలోనూ వెన్నెముక ఉన్నది అతనికే అనిపించింది. మా ఆవిడ ఇది ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోదు. ఎక్కడైనా సరదా కుర్రాడు కనిపిస్తే "అదుగో మీ కృష్ణమూర్తి" అంటుంది.

ఈ నవల ఆధారంగానే 1963లో చదువుకున్న అమ్మాయిలు వచ్చింది. అన్నపూర్ణ వారి సినిమా, ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వం. చదివిన ఊపులో అదీ చూశాను. సాలూరి రాజేశ్వరరావు గారి పాటలకి వంక పెట్టడానికి లేదు. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ ముగ్గురూ చూడముచ్చటగా ఉన్నారు. హాయిగా నవ్వుకున్నాను కూడా. కానీ నవల చదువుతుంటే గొంతులో తగిలిన చేదు సినిమాలో ఎంత వెతికినా తగల్లేదు. సినిమా నన్ను సంతోషంగా ఇంటికి పంపింది. నవల ఇంకా పంపలేదు. శ్రీదేవి గారు 1961లోనే, ముప్పై ఏళ్లు దాటిన కొద్దికే పోయారు. ఆ సినిమా ఆవిడ చూడలేదు.

ఈ నవల పొరపాటున మీ చేతిలో పడితే ఏం రాస్తారో నాకు తెలుసు. "ఇందిర పాత్ర ఫ్యామిలీ ఆడియన్స్‌కి కనెక్ట్ కాదు. ప్రకాశంలో హీరోయిజం లోపించింది. కల్యాణి ట్రాక్ ల్యాగ్ అనిపిస్తుంది. ప్రింటింగ్ విలువలు బాగున్నాయి." తీర్పు, రెండు ముప్పావు.

సాహిత్యంలో మీకు బంధువులే లేరని కాదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు, అడివి బాపిరాజు గారి నారాయణరావు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏది గొప్పదో తేల్చకుండా బహుమతిని చెరి సగం చేశారు. ఇద్దరికీ సగం కోపం మిగిలి ఉంటుందని నా అనుమానం. అయినా ఆ న్యాయనిర్ణేతలు మీకంటే నయం. వాళ్లు సగం చేసింది డబ్బుని, అభిప్రాయాన్ని కాదు. నన్నడిగితే నారాయణరావు హాయిగా సాగిపోయింది. జమీందారు కూతురు శారద ఆ మొగుడి మంచితనాన్ని ఎప్పటికి గుర్తిస్తుందా అని ఎదురుచూస్తూ గోదావరి గాలి పీల్చుకుంటూ చదివేశాను. వేయిపడగలుతో మాత్రం పోట్లాడుతూ చదివాను. కథానాయకుడు ధర్మారావు మాటలకి మార్జిన్‌లో పెన్సిల్‌తో జవాబులు రాశాను, ఒకచోట కోపం పట్టలేక పుస్తకం మూసేశాను, మర్నాడు మళ్లీ తెరిచాను. ఇంతకీ ఆ నవల్లోని ఊరు సుబ్బన్నపేటే నన్ను వదలడం లేదు. పోట్లాటకి ఎంత వేస్తారండీ మీరు?

స్టార్ రేటింగులు లేని రోజుల్లో ముళ్లపూడి వెంకటరమణ గారు ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసేవారు. ఆఖర్న అంకె ఉండేది కాదు కాబట్టి ఆయనకి సినిమా నచ్చిందో లేదో తెలియాలంటే మొత్తం చదవాల్సిందే. తర్వాత ఆయనే అవతలి గట్టుకి చేరి సినిమాలు రాశారు. మీరు అవతలి గట్టుకి వెళ్లరు. ఇటూ ఉండరు. వంతెన మధ్యలో నిలబడి టోల్ వసూలు చేస్తుంటారు.

నా విన్నపం ఒకటే. ఒక్క శుక్రవారం సెలవు పెట్టండి. పెద్ద హీరో సినిమా ఉన్న శుక్రవారం. జీతం నష్టమైతే మేం చందాలేసుకుని ఇచ్చుకుంటాం. ఆ రోజు హైదరాబాద్‌లో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ బయట మైకులు పట్టుకున్న కుర్రాళ్లు "ఎంతిస్తారు బ్రో?" అని కాకుండా ఇంకేదైనా అడగాల్సి వస్తుంది. ఏమడగాలో తెలియక వాళ్లు, ఏం చెప్పాలో తెలియక వీళ్లు కాసేపు ముఖాలు చూసుకుంటారు. చూసుకోనివ్వండి. సెలవు కుదరకపోతే కనీసం డల్లాస్‌లో ఇంటర్వెల్ అయ్యేదాకైనా ఆగండి.

ఇట్లు,
సెకండ్ క్లాస్‌లో పాసైన ఒక ప్రేక్షకుడు

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగానే మా వీధి మలుపులో కొత్త పోస్టర్ పడింది. మీ అన్నగారు వరసగా ఐదుచోట్ల, అరచేయంత నక్షత్రాలతో వెలిగిపోతున్నారు. ఆ మార్కులు వేసినవాళ్ల పేర్లు మాత్రం చీమ తలకాయంత. బండి ఆపి, పోస్టర్‌కి ముక్కు ఆనించి మరీ చదివాను. ఐదింటిలో ఒక్కటీ నేను విన్న పేరు కాదు. మీకెవరైనా తెలిసినవాళ్లుంటే తిరుగు టపాలో రాయగలరు.