గుడారం అద్దె ఎవరి చేతికి వెళ్తోంది?

అడవి అంచున ఊరివాళ్లే నడిపే సఫారీ క్యాంపులకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. బుకింగ్ సైట్‌లో ‘కమ్యూనిటీ క్యాంప్’ అన్న ముద్ర కనిపిస్తే చాలు, మన డబ్బు నేరుగా స్థానికులకే చేరుతుందని, అడవికి కూడా మేలు చేస్తున్నామని చాలామంది తృప్తి పడతారు. ఆ తృప్తికి ఆధారం ఏమిటని మాత్రం అడగరు. నిజానికి ఆ ముద్ర వెనుక ఒక్కోచోట ఒక్కో ఏర్పాటు ఉంటుంది. కొన్నిచోట్ల స్థలం మీద హక్కు, బుకింగ్, ఖాతా పుస్తకం అన్నీ ఊరి సంఘానివే. మరికొన్నిచోట్ల ఊరివాళ్లు వంటకీ కాపలాకీ పరిమితం, పెత్తనమంతా ఎక్కడో నగరంలో ఉన్న కంపెనీది.

బోట్స్వానాలోని ఖ్వాయ్ మొదటి రకానికి చెందుతుంది. 1963లో మొరేమి అభయారణ్యం ఏర్పడ్డాక అక్కడ బతికే బుగాఖ్వే సాన్ అనే ఆదివాసులు ఆ హద్దులు దాటి బయటికి రావాల్సి వచ్చింది. ఇవాళ అదే అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న నేలలో వాళ్ల ఊరి ట్రస్టు క్యాంప్‌సైట్లు నడుపుతోంది. కంచె ఉండదు. ఏనుగు గుడారం పక్కనుంచే నడిచిపోవచ్చు, వంట చేసిన చోటికి వాసన పట్టుకుని హైనా రావచ్చు. తిండి గుడారంలో దాచకూడదు, జిప్ పూర్తిగా వెయ్యాలి, చీకటి పడ్డాక ఒంటరిగా అడుగు బయట పెట్టకూడదు. ఇలాంటి సైట్లలో చాలావాటికి కుళాయి కూడా ఉండదు కాబట్టి నీళ్లు మనమే మోసుకెళ్లాలి. అయితే అభయారణ్యంలో దొరకనిది ఒకటి ఇక్కడ దొరుకుతుంది. లోపల చీకటి పడ్డాక వాహనం తిప్పనివ్వరు. ఊరి ఆధీనంలోని నేలలో గైడ్‌ను వెంటబెట్టుకుని రాత్రి సఫారీకి వెళ్లవచ్చు, కాలినడకన తిరగవచ్చు. నేల మీద నిర్ణయం ఊరిదైతే అమ్ముకోవడానికి వాళ్లకంటూ ఒక సరుకు ఉంటుంది. వంటమనిషి ఉద్యోగం ఒక్కటే ఇస్తే ఆ బలం రాదు.

డబ్బు సంగతికి వస్తే, గేటు దగ్గర కట్టే ప్రవేశ రుసుము వేరు, క్యాంపు అద్దె వేరు. మొదటిది సాధారణంగా ప్రభుత్వ సంస్థకు పోతుంది. ఉగాండాలో జాతీయ పార్కుల గేటు వసూళ్లలో 20 శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మంచి నిబంధనే. కానీ ఊరికి వచ్చిన డబ్బు ఊళ్లో ఎవరికి చేరుతుందన్నది ఇంకో ప్రశ్న, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

క్యాంపులో పని దొరికేది రోడ్డు పక్క ఇంటివాడికి, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చిన కుర్రాడికి. ఏనుగులు తొక్కేది మాత్రం అడవికి ఆనుకుని ఉన్న చేనుని. ఆ చేను గలవాళ్ల ఇంట్లో గైడ్ ఉండకపోవచ్చు, క్యాంపుకు కూరగాయలు అమ్మే వీలూ ఉండకపోవచ్చు. రాత్రంతా మంట వేసుకుని కాపలా కాసిన మనిషికి, అదే ఏనుగును ఫోటో తీసుకుని మురిసిపోయే పర్యాటకుడి వల్ల దక్కేదేమీ లేకపోతే, అడవి మీద అతనికి ప్రేమ ఎందుకుంటుంది? ఉచ్చు పన్నేవాడి గురించి తెలిసినా నోరు విప్పడు. విప్పాల్సిన అవసరం అతనికేముంది? కాబట్టి ఊరికి ఎంత వచ్చిందన్నది చూస్తే సరిపోదు, నష్టపోయిన ఇంటికి ఎంత చేరిందో చూడాలి.

‘ఊరు’ అంటే ఒక్క మనిషి కాదు కూడా. ఉగాండాలోనే బ్విండీ అడవిని 1991లో జాతీయ పార్కు చేసినప్పుడు, తరతరాలుగా ఆ అడవిలోనే బతికిన బాత్వా ప్రజలను ఖాళీ చేయించారు. గొరిల్లాలను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తున్నారు. ఆ పార్కు అంచునున్న బుహోమాలో స్థానిక సంఘం నడిపే బస కూడా ఉంది. అయినా ఆ పర్యాటకం తెచ్చిన లాభంలో భూమి లేని బాత్వాలకు దక్కింది చాలా తక్కువ.

నమీబియా 1996లో చట్టాన్ని సవరించి, ఉమ్మడి భూముల్లోని ప్రజలు సంఘంగా ఏర్పడితే వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద వాళ్లకు హక్కులు ఇచ్చింది. ఈ సంఘాలను కన్సర్వెన్సీలు అంటారు. మొదటివి 1998లో నమోదయ్యాయి. సొంతంగా నడిపే క్యాంప్‌సైట్లు వాళ్లకు ఉన్నాయి, కానీ ఆదాయంలో సింహభాగం కంపెనీలతో కలిసి నడిపే లాడ్జీల నుంచి, ట్రోఫీ వేట (డబ్బు కట్టి వచ్చేవాళ్లు సరదాకి చేసే వేట) నుంచి వస్తుంది. క్యాంప్‌సైట్ల వాటా చిన్నది. దీన్ని చూపించి ‘కంపెనీకి అప్పగించెయ్యండి’ అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. టోరా కన్సర్వెన్సీ ఒక సఫారీ కంపెనీతో కలిసి నడిపిన డమరాలాండ్ క్యాంపులో స్థానికులు మేనేజర్ల స్థాయికి ఎదిగారు. ఒప్పందం గట్టిగా రాసుకోగలిగితే భాగస్వామ్యం మంచిదే. అలా రాసుకోవాలంటే ముందు వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద చట్టబద్ధమైన హక్కు ఉండాలి, కన్సర్వెన్సీగా టోరాకు అది ఉంది. హక్కు లేని ఊరు కంపెనీ ముందు కూర్చుంటే అది బేరం అనిపించుకోదు.

ఇందులో పర్యాటకుల పాత్ర కూడా ఉంది. వేడినీళ్లు రాలేదు, ఈమెయిల్‌కు జవాబు ఆలస్యమైంది అని రివ్యూలో స్టార్లు కోసేస్తారు. చిన్న క్యాంపును కంపెనీ వైపు నెట్టేది చాలావరకు ఆ ఒత్తిడే. మురికి మరుగుదొడ్డిని భరించమనడం లేదు, అది ఎవరు నడిపినా తప్పే.

పర్యాటకం మీదే పూర్తిగా ఆధారపడటం ప్రమాదమని రెండుసార్లు తేలింది. బోట్స్వానా 2014లో ట్రోఫీ వేటను నిషేధించినప్పుడు (2019లో ఎత్తేసింది) చాలా ఊళ్ల ట్రస్టుల ఆదాయం పడిపోయింది, ఫోటో సఫారీలతో అది అన్నిచోట్లా భర్తీ కాలేదు. 2020లో కోవిడ్‌తో సఫారీలు ఆగిపోయాక నమీబియాలో అడవి కాపలాదారుల జీతాలకే టెన్షన్ మొదలైంది. అందుకే ఏ క్యాంపు గురించి విన్నా, అతిథులను చూసుకోవడం కాక అక్కడివాళ్లు అడవిలో ఇంకేం పని చేస్తున్నారో నేను ముందు ఆరా తీస్తాను. కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు అడవి దాల్చినచెట్ల బెరడు దొంగిలించినవాళ్లను 1990ల చివర్లో సంఘంగా చేర్చి గైడ్లుగా మార్చారు. వాళ్లు పర్యాటకులను నడిపించే ట్రెక్కే గస్తీ కూడా. ఆ దొంగదారులన్నీ ఒకప్పుడు తాము తిరిగినవే కాబట్టి ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలుసు.