ఫ్నూ గారూ, మీ వంతు వచ్చింది!

నామకరణం నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో మూడుసార్లు రాయించిన పేరు. టెన్త్ మెమోలో ఒకే వరుసలో హాయిగా కాళ్లు చాపుకుని ఉంటుంది: ఆవకాయల వెంకట అప్పారావు. ఆ వరుసని రెండు గళ్లలో సర్దమని పాస్‌పోర్టు దరఖాస్తు అడిగిన రోజే గొడవ మొదలు.

గివెన్ నేమ్, అంటే సొంత పేరు గడి నింపక తప్పదు. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు పాపం ఏమీ అనదు. ఆ మంచితనమే కొంప ముంచింది. నెట్ సెంటర్ కుర్రాడి ముందు పదిమంది క్యూ. మెమోలో ఉన్నది ఉన్నట్టు మొదటి గడిలోనే కొట్టి పడేశాడు. పోలీసు వెరిఫికేషన్ అయింది, పాస్‌పోర్టు ఇంటికొచ్చింది, పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచారు. సర్‌నేమ్ ఖాళీగా ఉందని దేవుడూ చెప్పలేదు. గుళ్లో అర్చనకి గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు. ఫస్ట్ నేమ్ ఎవరడిగారు?

అమెరికా వాడు అడిగాడు. వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో రూలు ఖచ్చితంగా ఉంది. పాస్‌పోర్టులో పేరు ఒకే గడిలో ఉంటే దాన్నంతా సర్‌నేమ్‌గా రాయాలి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టాలి. అంటే ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అసలు పేరు తెలియదు అని. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఉద్యోగ వీసా హెచ్-1బీ స్టాంపు పడింది. ఇంటిల్లిపాదీ కలిసి పెట్టుకున్న పేరు వెళ్లి ఇంటిపేరులో కూర్చుంది. ఎవరూ పెట్టని పేరు అసలు పేరయింది.

విమానం దిగాక అది కాగితం నుంచి కాగితానికి పాకుతుంది. దేశంలోకి వచ్చినట్టు రాసుకునే ఐ-94లో ఎఫ్‌ఎన్‌యూ, డ్రైవింగ్ లైసెన్సు మీద ఎఫ్‌ఎన్‌యూ, ఆఫీసు ఈమెయిల్లో ఎఫ్‌ఎన్‌యూ. మేనేజర్ దాన్ని కూడబలుక్కుని "హాయ్ ఫ్నూ!" అన్నాడు. క్లినిక్‌లో నర్సు "ఫ్నూ" అని పిలిస్తే ముగ్గురు లేచారు. ఒకాయన గుంటూరు, ఒకాయన కరీంనగర్, మూడో ఆయన అఫ్గాన్. ఒంటి పేరు కష్టం మనొక్కళ్లదే కాదు.

నవ్వులాట ఇక్కడిదాకానే. హెచ్‌ఆర్‌లో ఓ తెలివైన మనిషి, ఎఫ్‌ఎన్‌యూ అంటే టైపింగ్ తప్పనుకుని, తనే ‘వెంకట’ని ముందుకు లాగి పేరు సరిదిద్దింది. సోషల్ సెక్యూరిటీ రికార్డుతో పేరు కలవలేదు. ఉద్యోగికి పనిచేసే హక్కుందా అని సరిచూసే సర్కారీ వ్యవస్థ ఈ-వెరిఫై ‘ప్రస్తుతానికి ధ్రువీకరించలేం’ అని నోటీసు కక్కింది. దాని మీద కదలడానికి ఉన్నది 8 ఫెడరల్ పనిదినాలు. ఉద్యోగంలో చేరిన వారానికే, తను తనేనని నిరూపించుకునే పని!

దీనికి మందు వీసాకి ముందే వేయాలి. పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టి పేరు రెండు గళ్లలోకి విడగొట్టించుకుంటే సరి. పెద్దవాళ్లకి 36 పేజీలదైతే 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. తర్వాత డీఎస్-160లో ‘ఇతర పేర్లు’ అన్నచోట పాత రూపం దాచకుండా రాయాలి. మార్చిలో హెచ్-1బీ లాటరీకి రిజిస్ట్రేషన్ పెట్టి, కంపెనీ వీసా పిటిషన్ వేసేలోగా పాస్‌పోర్టు మార్చారో, ఇంకో మెలిక. 2024 నుంచి లాటరీ పాస్‌పోర్టు నంబరు పట్టుకుని మనిషిని లెక్కపెడుతోంది. నంబరు ఎందుకు మారిందో పాత, కొత్త పాస్‌పోర్టుల కాపీలతో పిటిషన్‌లో చెప్పుకోవాలి. అమెరికా వెళ్లిపోయాక అయితే సోషల్ సెక్యూరిటీ కార్డు మార్పుకి ఎస్ఎస్-5 ఫారం, రుసుము లేదు. లైసెన్సు, బ్యాంకు, హెచ్‌ఆర్ చుట్టూ ప్రదక్షిణలు వేరే. చిలుకూరులో 108తో అయిపోతాయి, ఇక్కడ లెక్క ఉండదు.

దుబాయి ఇంకా కచ్చితం. ఒంటి పేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రావద్దని 2022 నవంబరు 21 నుంచి గేటు వేసింది. తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరుంటే ఫరవాలేదని కొంత సడలించింది.

రెండు గళ్లూ సరిగ్గా నింపినవాళ్లు సుఖంగా ఉన్నారనుకోకండి. వాళ్ల పేరులో మొదటి ముక్కే అమెరికాలో పిలుపు. ఒకే టీములో నలుగురు వెంకటలు, ముగ్గురు సాయిలు.

అమెరికా పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో ‘పేరు మార్చుకుంటారా?’ అన్న ప్రశ్న ఉంది. ఔనంటే కోర్టులో ప్రమాణం రోజున జడ్జి ఖాయం చేస్తాడు. కాకపోతే ముందు గ్రీన్ కార్డు రావాలి, వచ్చాక మామూలుగా 5 ఏళ్లు ఆగాలి. ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వరుసలో 2013 చివర్లో నిలబడ్డ భారతీయులు 2025లోనూ నిలబడే ఉన్నారు. అప్పటికి తలపండిన అప్పారావు కళ్లజోడు సవరించుకుని, "ఏమేవ్, ఇంటిపేరు ముందు రాయనా, వెనక రాయనా?" అంటాడు.

"ఎక్కడో అక్కడ రాసి చావండి. ఖాళీగా మాత్రం వదలకండి!"