బదిలీ కాని మూల ప్లగ్గు గారికి

మహారాజశ్రీ మూల సిలిండర్ స్పార్క్ ప్లగ్గు గారి దివ్యసముఖమునకు, ఒంగోలు నుంచి కారు యజమాని చేసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. నా మోచేతి మీద తోలు లేచిపోవడం తప్ప ఇక్కడంతా క్షేమమే.

మీ పక్కనున్న ముగ్గురూ మర్యాదస్తులు. నెత్తిన కరెంటిచ్చే కాయిల్ లాగి, సాకెట్ దించి తిప్పితే చక్కగా లేచి వచ్చేశారు. తమరు మాత్రం గాలి గొట్టం కింద, వైపర్ మోటారు చాటున కొలువున్నారు. తమరి దర్శనానికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాలి, గొట్టం క్లిప్పులు వదులు చేయాలి. అప్పటికీ రాడ్డు పొడుగైతే పట్టదు, పొట్టిదైతే అందదు. ఈ ఇంజిన్ గీసినాయన ఎవరో గానీ, మనిషికి చేతికి రెండేసి మోచేతులు ఉంటాయనుకున్నట్టున్నాడు.

ఇంజిన్ చల్లారాకే విప్పాలట. తమరు బిగిసి కూర్చున్న ఇంజిన్ హెడ్డు అల్యూమినియం కదా, వేడి మీద బలవంతం చేస్తే దాని మరలు ఊడొస్తాయి. సబబే. రోహిణి కార్తెలో ఒంగోల్లో ఏది చల్లారుతుందండీ? అందుకే తెల్లవారుజామున మొదలెట్టాను.

టార్చి వేసి చూస్తే తమరి గుంట నిండా దుమ్ము. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటేమో విదేశాల్లో మెరుస్తోంది, దాని పొడి ఇక్కడ తమరి సేవలో ఉంది. ఊదకుండా విప్పితే అదంతా సిలిండర్లో పడుతుంది. సైకిల్ పంపుతో ఊదాను. సగం నా కళ్లలోకే వచ్చింది.

తీరా బయటికి తీశాక అసలు గుట్టు తెలిసింది. ఆ ముగ్గురిదీ ఒక కంపెనీ, తమరిది ఇంకొకటి. కొస అరిగి గుండ్రబడింది, వాషరు తుప్పు పట్టింది. మామూలు నికెల్ ప్లగ్గు 30,000, 40,000 కిలోమీటర్లకల్లా రిటైరవ్వాలి. కిందటి సర్వీసు బిల్లులో 'ప్లగ్గులు 4' అని స్పష్టంగా ఉంది, డబ్బులూ కట్టాను. అంటే కాగితం మీద తమరి బదిలీ ఎప్పుడో అయిపోయింది. తమరే చార్జి అప్పగించలేదు! అడిగే నాథుడు లేడు, చెయ్యి పెట్టి చూసేవాడు అసలే లేడు.

తమరి స్థానంలో వచ్చినవాణ్ణి రబ్బరు పైపు ముక్కకు గుచ్చి దించాను. మర తప్పితే పైపు జారుతుందే గానీ హెడ్డు చెడదు. వాషరు ఆనాక ఇంకో 1/2 చుట్టు, అంతే.

ఇట్లు,
నడుము పట్టేసిన యజమాని

తా.క.: పాత బిల్లు జిరాక్సు ఆ వర్క్‌షాపుకు పంపిస్తున్నాను. అదే కవర్లో తమరు కూడా ప్రయాణానికి సిద్ధం కాగలరు.