వీడియో వైరల్ అయ్యాక కాదు, దానికి ముందు డబ్బు పంపండి

అమెరికాలో పోలీసు కాల్పుల వీడియో బయటికొచ్చిన వారం విరాళాలు పోటెత్తుతాయి. ఆ వీడియో కోసం ముందు నెలల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన విలేకరికి ఎవరూ పైసా పంపి ఉండరు.

షికాగోనే తీసుకోండి. 2014 అక్టోబర్ 20న లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. కత్తితో మీదికొచ్చాడన్నారు. జేమీ కాల్వెన్ అనే విలేకరి శవపరీక్ష నివేదిక సంపాదించి, తగిలినవి 16 తూటాలని 2015 ఫిబ్రవరిలో బయటపెట్టాడు. ఏప్రిల్‌లో, దావా కూడా పడకముందే, నగరం ఆ కుటుంబానికి 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పేసుకుంది. వీడియో మాత్రం అడిగిన విలేకరులెవరికీ ఇవ్వలేదు. బ్రాండన్ స్మిత్ అనే ఫ్రీలాన్సర్ కోర్టుకెక్కితే నవంబర్ 24న విడుదలైంది. కాల్చిన పోలీసు మీద హత్య కేసు పెట్టిందీ ఆ రోజే! విడుదల చేసిన ప్రెస్‌మీట్‌లోకి స్మిత్‌నే రానివ్వలేదు, సిగ్గుచేటు.

షికాగో ఉన్న ఇలినాయ్ రాష్ట్ర సమాచార చట్టం ప్రకారం 5 పనిదినాల్లో జవాబివ్వాలి, మరో 5 పొడిగించుకోవచ్చు (మన ఆర్టీఐకి 30 రోజులు). మొదటి 50 పేజీలు ఉచితం. చిక్కంతా తిరస్కరణలో ఉంది. ‘పోలీసుల మీద వచ్చిన అన్ని ఫిర్యాదులూ ఇవ్వండి’ అని రాస్తే పనిభారమంటూ కొట్టేస్తారు. అధికారి పేరు, తేదీలు, ఫైలు రకం విడమరిచి రాయాలి. అయినా కాదంటే 60 రోజుల్లోగా అటార్నీ జనరల్ దగ్గరి పబ్లిక్ యాక్సెస్ కౌన్సెలర్ అనే అధికారిని ఆశ్రయించాలి, లేదా దావా వేయాలి. గెలిస్తే లాయరు ఫీజు రాబట్టుకోవచ్చు. గెలిచేదాకా ఆ ఖర్చెవరు మోస్తారు?

అందుకే ఇలాంటి పని చేసే చిన్న వార్తాసంస్థలకు డబ్బిచ్చేటప్పుడు ‘ఫలానా కథనానికే’ అని షరతు పెట్టకండి. ఆ డబ్బు లాయరుకీ పనికిరాదు, జీతానికీ పనికిరాదు. ఒకేసారి 240 డాలర్ల కన్నా నెలకు 20 మేలు, వచ్చే ఏడాది మనిషిని పెట్టుకోవచ్చో లేదో వాళ్లకు ముందే తెలుస్తుంది. షికాగోలోని సిటీ బ్యూరో అనే వార్తాసంస్థ మామూలు జనానికి డబ్బిచ్చి నగర సమావేశాల్లో కూర్చోబెట్టి నోట్స్ రాయిస్తుంది. చూడ్డానికి చప్పటి పనే. అదే సంస్థ, కాల్వెన్ స్థాపించిన ఇన్విజిబుల్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి, తప్పిపోయిన నల్లజాతి ఆడవాళ్ల కేసుల్ని పోలీసులు ఎలా గాలికొదిలేశారో తవ్వితీసి 2024లో పులిట్జర్ గెలిచింది.

షికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరాల్లో ఉండే మనవాళ్లకు ‘మన గొడవ కాదులే’ అనిపించొచ్చు. 2023 జనవరిలో సియాటెల్‌లో 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగంతో వచ్చిన పోలీసు కారు గుద్ది చనిపోయింది కర్నూలు జిల్లా అమ్మాయే. ఆ చావు గురించి ఇంకో అధికారి నవ్వుతూ మాట్లాడిన సంగతి లోకానికి తెలిసింది బాడీ కెమెరా రికార్డింగు సెప్టెంబరులో బయటికొచ్చాకే.

మీ కంపెనీలో మ్యాచింగ్ (మీరిచ్చిన దానికి కంపెనీ కూడా జత చేయడం) ఉంటే రెట్టింపు పోతుంది, కానీ అక్కడే చాలామంది బోల్తా పడతారు. చిన్న పత్రికలు కొన్ని వేరే సంస్థ గొడుగు కింద నడుస్తాయి. కంపెనీ విరాళాల పోర్టల్‌లో పత్రిక పేరుతో వెతికితే కనపడవు. రసీదు మీదున్న సంస్థ పేరు, పన్ను నంబర్ కొట్టండి. లాభాపేక్షతో నడిచే నల్లజాతి పత్రికలకు మ్యాచింగూ రాదు, పన్ను మినహాయింపూ రాదు. వాటికి చందా కట్టడమే. నవంబర్, డిసెంబర్లలో న్యూస్‌మ్యాచ్ కార్యక్రమంలో ఉన్న పత్రికకిస్తే అటునుంచి కూడా కొంత జత పడుతుంది. కంపెనీ ఫారం గడువు మాత్రం ముందే చూసుకోండి, కొన్నిచోట్ల డిసెంబర్ 31తోనే మూసేస్తారు.