యంత్రం ఎవరి అధీనంలో?

రాకెట్ ప్రయోగానికి ముందు దాని నమూనాను శ్రీవారి పాదాల చెంత ఉంచడం తిరుపతి పాఠకులకు చిరపరిచితమైన వార్త. రాకెట్ ప్రయోగ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవినే నమ్ముకుని బతికిన యానాది గిరిజనులు ఎటు పోయారన్నది మాత్రం వార్తల్లోకి ఎక్కదు. ఈ రెండింటినీ ఒకే కథలో నిలబెట్టగల ప్రక్రియ సైన్స్ ఫిక్షన్. దాన్ని పిల్లల కాలక్షేపంగా తీసిపారేసే ధోరణి ఇకనైనా మారాలి.

1895లో వెలువడిన హెచ్.జి.వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’లో కాలయంత్రం ఒక సాధనం మాత్రమే. ఎనిమిది లక్షల ఏళ్ల తర్వాత మనుషులు రెండు జాతులుగా చీలిపోయి, నేల మీద శ్రమ ఎరుగని ఎలోయ్‌లు, నేల కింద యంత్రాలు నడిపే మార్లాక్‌లు మిగులుతారు. సుఖపడుతున్నట్టు కనిపించే పైవారే చీకటి పడితే కిందివారికి ఆహారమవుతారు. పెట్టుబడిదారుకూ కార్మికుడికీ నడుమ పెరుగుతూ వచ్చిన దూరమే ఇందుకు మూలమని ఆ యంత్రంలో ప్రయాణించిన కథానాయకుడు ఊహిస్తాడు. అయితే అతని జాలి అంతా ఎలోయ్‌ల మీదే. కార్మికుణ్ణి చూసి భయపడే మధ్యతరగతి మనసు అక్కడ దాగదు. కథ చెప్పే చూపు ఏ వర్గానిదని నిలదీయడమే విమర్శనాత్మక సిద్ధాంతం (క్రిటికల్ థియరీ) చేసే పని. సమాజాన్ని వివరించి ఊరుకునే సిద్ధాంతం చాలదని, దాన్ని మార్చే దృష్టి కావాలని 1937లోనే జర్మన్ తత్వవేత్త హోర్క్‌హైమర్ వాదించాడు. పరిచితమైన లోకాన్ని అపరిచితంగా చూపి ఆలోచింపజేయడమే సైన్స్ ఫిక్షన్ లక్షణమని 1979లో సాహిత్య విమర్శకుడు డార్కో సువిన్ సూత్రీకరించాడు.

ఈ సాహిత్యం ఒక పక్షపు ప్రచారం కాదు. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1974 నాటి నవల ‘ది డిస్పొసెస్డ్’లో సొంత ఆస్తి లేని సమాజంలోనూ పెత్తనం దొడ్డిదారిన ఎలా చేరుతుందో చూపింది. మనకు పొరుగునే మద్రాసులో 1905లో అచ్చయిన బెంగాలీ రచయిత్రి రొకేయా కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ పరదాను పురుషుల మీదికి తిప్పింది. పొలం పనులన్నీ విద్యుత్తు చేసిపెడుతుందని చెప్పి, కూలీల ప్రశ్నను మాత్రం సులువుగా దాటేసింది.

శ్రీసిటీ కర్మాగారాలు, గాదంకి వాతావరణ పరిశోధనశాల, ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ అన్నీ ఒకే జిల్లాలో ఉన్నచోట ఈ సాహిత్యానికి ముడిసరుకు వెతుక్కోనక్కర్లేదు. శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల సాహిత్య విభాగాలు ఆ సైన్స్ విద్యార్థులనూ కలుపుకుని దీనిపై ఒక ఉమ్మడి పాఠ్యాంశం ప్రారంభించాలని, కర్మాగారాల అసెంబ్లీ లైన్లలో షిఫ్టులు చేసే సత్యవేడు ప్రాంతపు యువతులకు కూడా ఆ తరగతుల్లో, కథారచన శిబిరాల్లో చోటు కల్పించాలని కోరుతున్నాం.