ఆపే తేదీ లేని చీటీ

రాత్రి రెండు దాటింది. దిండు కింది మాత్రల పట్టీ తీసి, ఒకదాన్ని గోటితో రెండుగా విరిచి, సగం మింగి, మిగతా సగాన్ని రేకులోనే మడిచిపెట్టే మనిషి మనలో చాలామందికి తెలుసు. కొందరికి అద్దంలోనే తెలుసు. మూడు కొట్టేసరికి ఆ మిగిలిన సగమూ గొంతు దిగుతుంది. ఏ మాత్ర అని అడిగితే ‘నిద్రమాత్ర’ అంటారు, అంతకుమించి చెప్పలేరు. ఆ ఒక్క పేరు కింద మెదడులో వేర్వేరు చోట్ల వేర్వేరు పనులు చేసే మందులు అయిదారు రకాలున్నాయి. ఏ రకం కావాలో, ఎన్నాళ్లు వాడాలో తేల్చకుండా చీటీ రాసే అలవాటు మీదే మా అభ్యంతరం.

నిద్రమాత్ర అనగానే గుర్తొచ్చేవి గాబాతో పనిచేసే మందులు. గాబా అంటే నాడీకణాల ఉరుకును అదుపు చేసే మెదడు రసాయనం. అది కణం మీది గ్రాహకాన్ని తాకితే ఒక సన్నని ద్వారం తెరుచుకుంటుంది, క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళతాయి, కణం సద్దుమణుగుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో వచ్చిన బార్బిట్యురేట్లు ఆ ద్వారాన్ని ఎక్కువసేపు తెరిచి పట్టుకునేవి. మోతాదు మించితే గాబా రాకపోయినా తామే తెరిచేసేవి. నిద్రపుచ్చే మోతాదుకూ ఊపిరి ఆపే మోతాదుకూ మధ్య దూరం అందుకే అంత తక్కువ. 1960లో క్లోర్‌డయాజిపాక్సైడ్, 1963లో డయాజిపామ్ రావడంతో పరిస్థితి మారింది. ఈ బెంజోడయాజిపైన్లు, గాబా వచ్చి తట్టినప్పుడు ఆ తలుపు మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి, అంతే. గాబా లేనిచోట వీటి ఆటలు సాగవు. వినడానికి చిన్న తేడా, కానీ ప్రాణాలు నిలిపిన తేడా. మద్యంతోనో, నల్లమందు జాతి నొప్పి మందులతోనో కలిపి వేసుకుంటే మాత్రం ఆ రక్షణ కాస్తా ఎగిరిపోతుంది.

‘సురక్షితం’ అన్న మాటను ఈ రంగంలో ఆచితూచి నమ్మాలి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను హానిలేని నిద్రమందుగానే ప్రచారం చేశారు. 1961లో వెనక్కి తీసుకునేలోగా, దాన్ని వాడిన తల్లులకు వేలాది పసికందులు కురచ చేతులతో, కాళ్లతో పుట్టారు.

జోల్పిడెమ్, జోపిక్లోన్ వంటివి తర్వాతి తరం మందులు. రసాయన నిర్మాణం వేరైనా అవి తట్టే తలుపు అదే. డయాజిపామ్ ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతే, జోల్పిడెమ్ పరిమాణం రక్తంలో సుమారు రెండున్నర గంటలకు సగానికి పడిపోతుంది. సగానికే, సున్నాకు కాదు. తెల్లవారుజామున మూడింటికి మింగినవారు ఏడింటికి బండి తాళం తీసుకుంటే, స్టీరింగ్ పట్టిన చేతులతో పాటు ఆ మందూ ప్రయాణిస్తుంది. అమెరికాలో దీనికి 1992లో అనుమతి దొరికింది. స్త్రీల శరీరం దీన్ని నెమ్మదిగా వదిలించుకుంటుంది కాబట్టి వారికి 10 మిల్లీగ్రాములు కాదు, 5 చాలని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది 2013లో. ఇన్నేళ్లూ మగవాడి కొలతతో కుట్టిన చొక్కానే ఆడవారికీ తొడిగారన్నమాట. నిద్రలోనే లేచి నడవడం, కారు నడపడం వంటి ఘటనలపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేయడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక జలుబు మందులో మగత తెప్పించే డైఫెన్‌హైడ్రమిన్‌కు గాబాతో పనిలేదు. మెలకువను నిలిపే హిస్టమిన్‌ను అది అడ్డుకుంటుంది. కొద్ది రోజుల్లోనే శరీరం అలవాటుపడి ఆ మగత పలచబడుతుంది. వృద్ధులకైతే తికమక, నోరెండడం, మూత్రం బిగుసుకోవడం మిగులుతాయి. చీటీ లేకుండా దొరికినంత మాత్రాన అది మెతక మందు కాదు. కుంగుబాటుకు పదుల, వందల మిల్లీగ్రాముల్లో ఇచ్చే డాక్సెపిన్ కూడా 3, 6 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇదే హిస్టమిన్ దారిన పనిచేసి, రాత్రి మధ్యలో మెలకువ వచ్చేవారికి పనికొస్తుంది.

మెలటోనిన్ అసలు మత్తు మందే కాదు. ‘చీకటి పడింది’ అని మెదడులోని గడియారానికి కబురు చెప్పడమే దాని పని. దేశాలు దాటి వచ్చినవారికి, గడియారం వెనకబడినవారికి ఆ కబురు అవసరం. ఆలోచనలు గిరగిరా తిరుగుతూ కన్ను మూయనివ్వని మనిషికి రాత్రి అయిందని వేరే చెప్పాలా?

మాకు ఆసక్తికరంగా తోచేది ఒరెక్సిన్ కథ. మెలకువను నిలబెట్టే ఈ రసాయనాన్ని 1998లో కనుగొన్నారు. పట్టపగలే ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ రోగుల్లో చాలామందికి దాన్ని తయారుచేసే కణాలే నశించి ఉంటాయి. అయితే దాన్ని రాత్రికి మాత్రం అడ్డుకుంటే? 2014లో అనుమతి పొందిన సువోరెక్సాంట్ ఆ ప్రశ్నలోంచే పుట్టింది. ఇది మెదడును అణిచి పడుకోబెట్టదు, మెలకువకు ఊతంగా ఉన్న కర్రను తీసేస్తుంది. మరునాటి మగత దీనికీ తప్పలేదు.

ఇన్ని దారులున్నప్పుడు వైద్యుడు మొదట అడగాల్సింది ఏ రకం నిద్రలేమి అని. పడుకోగానే పట్టకపోవడం వేరు, మూడింటికి మెలకువ రావడం వేరు. గురకతో ఊపిరి తెగే జబ్బున్నవారికి గాబా మాత్ర రాస్తే ఆ జబ్బే ముదరవచ్చు. ‘నిద్ర సుఖమెరుగదు’ అన్న పెద్దలకు బహుశా ఈ బాధ లేదు. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు ప్రవర్తనా చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫారసు చేసింది. మంచం మీద గడిపే సమయాన్ని మొదట తగ్గించడం అందులో ఒక భాగం. దానికి వారాలు పడతాయి, చీటీ రాయడానికి నిమిషం చాలు. ఏది గెలుస్తోందో చెప్పనక్కర్లేదు.

పైగా గాబా మాత్రను చటుక్కున మానేస్తే నిద్రలేమి మునుపటికంటే ఎక్కువై తిరిగొస్తుంది. ‘చూశారా, మాత్ర లేకపోతే నిద్రే లేదు’ అని రోగి అనుకుంటాడు, వైద్యుడూ తలూపి మళ్లీ రాస్తాడు. అది జబ్బు కాదు, మందు వదిలిపోతూ పెట్టే పేచీ. అందుకే మొదటి చీటీ మీదే ఆపే తేదీ ఉండాలని, ఆ తేదీ దాటాక కొత్త పరీక్ష లేకుండా మళ్లీ మందు ఇవ్వకూడదని మేము కోరుతున్నాం. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారు ఇది చదివి ఈ రాత్రే పట్టీ పారేయకూడదు. హఠాత్తుగా ఆపితే మూర్ఛలు కూడా రావచ్చు. వారాల తరబడి, కొందరికి నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఏ వారం ఎంతన్న లెక్క వైద్యుడే కాగితం మీద వేసి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి రాయించుకోవాలి.